కార్డిఫ్ నుంచి ఒక్క రోజే ఉంటే అబర్‌వాన్ వెళ్ళండి

"వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఉంటున్నాం, పాత బొగ్గు గనుల లోయలు చూడటానికి ఒక్క రోజే ఉంది, ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగారు. అందరూ బ్లేనావన్‌లోని బిగ్ పిట్ మ్యూజియం పేరే చెబుతారు. మంచిదే, పాత గనిలో 90 మీటర్ల లోతుకి దింపి చూపిస్తారు. నేను మాత్రం అబర్‌వాన్ వెళ్ళమంటాను. మనవాళ్ళు ప్రతి వీకెండూ జలపాతాల కోసం ఆ ఊరి పక్కనుంచే కార్లలో వెళ్ళిపోతుంటారు, ఒక్కరూ ఆగరు. నాకది బాధగా ఉంటుంది.

మెర్థిర్ రైలెక్కి మెర్థిర్ వేల్‌లో దిగితే టాఫ్ నది అవతలే ఊరు. లోయ బాగా ఇరుకు. నది, రైలు పట్టాలు, ఇళ్ళ వరుసలు పోగా చదును నేల పెద్దగా మిగలదు. అందుకే గనిలోంచి వచ్చిన రాళ్ళూ మట్టీ కొండ మీదికి చేర్చి దిబ్బలుగా పోశారు.

మా నాన్న కొత్తగూడెంలో ముప్ఫై ఏళ్ళు బొగ్గుబాయిలో పనిచేశారు. మా దగ్గరికి వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్ళాను. శ్మశానంలో తెల్లటి ఆర్చీలు వరుసగా ఉంటాయి. నేను పేర్లు, వయసులు చదువుతున్నాను. నాన్న సమాధుల్ని కాదు, కొండనే చూస్తున్నారు. కాసేపటికి "ఆడ ఊట ఉండేనా బిడ్డా?" అన్నారు.

ఉంది. 1958లో మొదలైన ఏడో నంబరు దిబ్బను ఊటల మీదే పోశారు. ఆ ఊటలు మ్యాపుల్లో కూడా ఉన్నాయి! 1966 అక్టోబరు 21 ఉదయం తొమ్మిదింపావుకి ఆ దిబ్బ నీటికి నాని జారి పాంట్‌గ్లాస్ స్కూలును కప్పేసింది. 144 మంది పోయారు, వాళ్ళలో 116 మంది పిల్లలు. నాన్న గడ్డి మీద కూలబడి, "బాయిల దిగేది మేము గదా, బడి పిల్లలేం చేసిండ్రు" అన్నారు.

దీన్ని ప్రకృతి విపత్తు అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. విచారణలో తప్పు గనులు నడిపిన ప్రభుత్వ సంస్థ నేషనల్ కోల్ బోర్డుదేనని తేలింది. అయినా మిగిలిన దిబ్బలు తీయడానికి, బాధితుల కోసం జనం ఇచ్చిన విరాళాల్లోంచే 1,50,000 పౌండ్లు బ్రిటన్ ప్రభుత్వం లాక్కుంది. 1997లో తిరిగిచ్చినప్పుడు వడ్డీ లేకుండా అంతే ఇచ్చారు. 2007లో గానీ వేల్స్ ప్రభుత్వం అదనంగా ఇవ్వలేదు.

తిరుగు రైల్లో నాన్న కిటికీ పక్కన కూర్చుని, కనిపించిన ప్రతి పచ్చటి గుట్టకీ "ఇది కొండనా, దిబ్బనా?" అని అడుగుతూనే ఉన్నారు. సగం వాటికి నేను చెప్పలేకపోయాను.