బావకి ముందే చెప్పు, అది కాకినాడ బీచ్ కాదని

బుజ్జీ,

జులైలో అమ్మా నాన్నా పోర్ట్‌లాండ్ వస్తున్నారు, ఒరెగాన్ కోస్ట్‌కి ఎక్కడికి తీసుకెళ్లను మావయ్యా అని అడిగావు కదా. ఒక్క రోజులో నాలుగు ఊళ్లు తిప్పి వాళ్లని కార్లోనే నిద్రపుచ్చకు. సియుస్లా నేషనల్ ఫారెస్ట్‌లో కేప్ పర్పెచువా అని సముద్రం ఒడ్డునే ఉన్న కొండ, అదొక్కటీ తీరిగ్గా చూపించు, చాలు. యాహాట్స్ అనే ఊరు దాటాక రెండు మూడు మైళ్లు, హైవే 101 మీదే.

బయల్దేరే ముందు రోజు రాత్రి వాతావరణం కన్నా ముందు ఆటుపోట్ల టైమ్ చూడు. ఆటు ఉన్నప్పుడే రాళ్ల మధ్య గుంటల్లో నక్షత్ర చేపలూ అవీ కనబడతాయి. పోటు వస్తే అవే రాళ్ల మీదికి అలలు ఎగబడతాయి. థార్స్ వెల్ అని అక్కడ రాతిలో ఒక పెద్ద గుంట ఉంది, సముద్రమంతా అందులోకే కారిపోతోందా అనిపిస్తుంది. ఫోటో కోసం దాని అంచుకి వెళ్లేవాళ్లని రోజూ చూడొచ్చు, మీరు మాత్రం పైనుంచే చూడండి. నీతులు చెప్తున్నాడనుకోకు, పదేళ్ల కిందట సముద్రానికి వీపు పెట్టి మీ అత్తయ్యకి ఫోటో తీస్తూ నడుము దాకా తడిసినవాణ్ణి నేను. అప్పటిదాకా చిన్న చిన్న అలలే వస్తున్నాయి, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒకటి వచ్చి ఈడ్చింది, ఫోనూ కళ్లజోడూ దానికే సమర్పయామి. ఒడ్డున పడున్న దుంగల మీద అక్కని కూర్చోనివ్వకు, కొంచెం నీరు తగిలినా అంత దుంగా దొర్లి మీద పడుతుంది. ఇక్కడ అలా చచ్చిపోయినవాళ్లున్నారు.

నీళ్లు జులైలో కూడా ఐసే. ఉత్తర గాలి పై నీటిని సముద్రంలోకి నెట్టేస్తే అడుగు నుంచి చల్లనిది పైకి వస్తుంది, అందుకని. బావ లుంగీ కట్టుకుని మునుగుతానంటాడు, ముందే చెప్పి ఉంచు.

అడవిలో జెయింట్ స్ప్రూస్ ట్రైల్‌కి వెళ్లండి, పోనూ రానూ రెండు మైళ్లు, వాగు పక్కనే దాదాపు చదునుగా ఉంటుంది. చివర్లో ఉన్న చెట్టుకి 550 ఏళ్లు పైనే, ఎత్తు 185 అడుగులు. పైకి చూడ్డం అందరూ చూస్తారు, నువ్వు మాత్రం అక్కని చెట్టు మొదలు దగ్గర కూర్చోబెట్టి వేళ్ల కింద చూపించు. అక్కడ ఒక సొరంగంలాంటి ఖాళీ ఉంటుంది. ఎప్పుడో ఒక చెట్టు పడిపోతే దాని మీద ఈ విత్తనం మొలిచింది, వేళ్లు ఆ మాను చుట్టూ దిగి నేలని పట్టుకున్నాయి, లోపలి మాను కాలక్రమంలో కుళ్లి మాయమైపోయింది, ఆ ఖాళీ అలాగే మిగిలింది. మొదటిసారి వంగి అందులోకి చూసినప్పుడు చాలాసేపు నాకు మాట రాలేదు. దారిలో అరటిపండంత పసుప్పచ్చ నత్త, గుల్ల లేనిది, కనబడితే తొక్కకండి, మనం దాని ఇంట్లో ఉన్నాం.

బావ మోకాళ్ల సంగతి తెలుసు కదా, కొండ పైకి నడిపించకు, ఓవర్‌లుక్ దాకా కారు వెళ్తుంది. అక్కణ్ణుంచి పావు మైలు చుట్టు దారిలో నడిస్తే 1930ల్లో కట్టిన రాతి మంటపం వస్తుంది. 800 అడుగుల కింద సముద్రం. వేసవిలో గ్రే వేల్స్ అనే తిమింగలాలు అక్కడ తిరుగుతుంటాయి, కాసేపు ఓపిగ్గా చూస్తే నీళ్ల మీద పొగలా చిమ్మడం కనబడొచ్చు. బావకి చరిత్ర పిచ్చి కాబట్టి, 1778లో కెప్టెన్ కుక్ ఈ కొండకి పేరు పెట్టాడని చెప్పి వదిలెయ్, మిగతాది ఆయనే నీకు చెప్తాడు.

ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో. పార్కింగ్‌కి రోజు పాస్ కొనాలి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరి చావదు. పులిహోర డబ్బా తెచ్చుకోండి గానీ మెతుకులు అక్కడ పారెయ్యకండి, కాకులు అలవాటు పడి మిగతా పిట్టల గుడ్ల మీద పడతాయి.

వెళ్లే ముందు రోజు ఇటు వచ్చి వెళ్లు. రెండు రెయిన్ జాకెట్లున్నాయి, నాది బావకి సరిపోతుంది.

మావయ్య