కంప్యూటర్ ఖాళీగా ఉన్నా నెట్ ఎందుకు నడుస్తోంది?

ప్రశ్న: మా ఇంట్లో విండోస్ 11 కంప్యూటర్ ఉంది. అన్నీ మూసేసి పక్కన పెట్టినా టాస్క్ మేనేజర్‌లో నెట్‌వర్క్ గీత కదులుతూనే ఉంటోంది. ఎవరైనా హ్యాక్ చేశారేమోనని భయంగా ఉంది. తెలుసుకునేదెలా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: గీత కదిలినంత మాత్రాన హ్యాకింగ్ జరిగినట్టు కాదు. మీరు కీబోర్డు ముట్టుకోనప్పుడే విండోస్ తన పనులు చక్కబెట్టుకుంటుంది. అప్‌డేట్లు, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ వైరస్ జాబితాలు, స్టోర్ యాప్‌ల కొత్త వెర్షన్లు అప్పుడే దిగుతాయి. మీరు చూడాల్సింది ఏ ప్రోగ్రామ్ వాడుతోంది, డేటా లోపలికి వస్తోందా బయటికి పోతోందా అన్నది. ఖాళీగా ఉన్న కంప్యూటర్ నుంచి గంటల తరబడి అప్‌లోడ్ అవుతుంటే మాత్రం కారణం తేల్చాల్సిందే.

టాస్క్ మేనేజర్‌లో కనిపించే 0.1 ఎంబీపీఎస్ (సెకనుకు 0.1 మెగాబిట్, 8 బిట్లు ఒక బైటు) చిన్నదే అనిపిస్తుంది. ఆగకుండా సాగితే గంటకు 45 ఎంబీ, రోజుకు 1 జీబీ దాటుతుంది. ఒకటి రెండు నిమిషాలు పైకి లేచి పడిపోతే పట్టించుకోకండి.

స్టార్ట్ మెనూలో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరవండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘సెండ్’ అన్న శీర్షిక మీద నొక్కితే ఎక్కువ పంపుతున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. అక్కడి అంకెలు గత నిమిషం సగటు కాబట్టి కాసేపు ఆగి చూడండి. పైన వన్‌డ్రైవ్ ఉంటే మీ ఫొటోలు, డాక్యుమెంట్లు క్లౌడ్‌కు వెళ్తున్నాయన్నమాట. క్రోమ్ ఉంటే దాని సెట్టింగ్స్‌లో సిస్టమ్ విభాగానికి వెళ్లి, మూసేశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లను నడిపించే ఆప్షన్‌ను ఆపేయండి. టొరెంట్ ప్రోగ్రామ్ అయితే డౌన్‌లోడ్ పూర్తయ్యాక కూడా ఇతరులకు పంచుతూనే ఉంటుంది.

ఎక్కువమందిని భయపెట్టేది ‘సర్వీస్ హోస్ట్’. ఇది వైరస్ కాదు, విండోస్ సర్వీసులు చాలావరకు దీని కిందే నడుస్తాయి. టాస్క్ మేనేజర్‌లో దాని పక్కనున్న బాణం గుర్తు నొక్కితే అసలు సర్వీసు పేరు తెలుస్తుంది. డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఉంటే, మీ కంప్యూటర్‌లోకి దిగిన అప్‌డేట్లను వేరే కంప్యూటర్లకూ పంపుతుండవచ్చు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, డెలివరీ ఆప్టిమైజేషన్ వరకు వెళ్లి ఇతర కంప్యూటర్లతో పంచుకునే ఆప్షన్‌ను ఆఫ్ చేయండి. ఈ నెల ఎంత అప్‌లోడ్ అయిందో అక్కడి యాక్టివిటీ మానిటర్‌లోనే ఉంటుంది. సర్వీస్ హోస్ట్‌కు నేరుగా ఎండ్ టాస్క్ కొట్టకండి, నెట్, సౌండ్ లాంటివి ఆగిపోవచ్చు.

పేరే వినని ప్రోగ్రామ్ కనిపిస్తే టాస్క్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కండి. అసలైన సర్వీస్ హోస్ట్ విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో ఉంటుంది. అదే పేరుతో టెంప్ ఫోల్డర్‌లో ఉంటే అనుమానించాలి. యాప్‌డేటాలో ఉన్నవన్నీ చెడ్డవి కావు, జూమ్, డిస్కార్డ్ కూడా అక్కడే ఇన్‌స్టాల్ అవుతుంటాయి. ఫైల్ ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ ఉందా, అందులో తెలిసిన కంపెనీ పేరు ఉందా చూడండి.

అయినా అనుమానం తీరకపోతే నెట్ కేబుల్ పీకేసి, వైఫై ఆపేసి, విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది కాబట్టి ముందు పనులు సేవ్ చేసుకోండి. సుమారు 15 నిమిషాలు పడుతుంది. ఏదైనా దొరికితే బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు వెంటనే మార్చాలి. అదీ ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో చేయండి. ఖాతాలో డబ్బు పోయిందని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఇంట్లో ఉంటే ముందు దాన్ని తీసేయండి. పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రామ్‌లు తరచూ అలాంటి వాటితో వస్తుంటాయి. స్పీడ్ పెంచుతామనే క్లీనర్లు మాత్రం ఎక్కించకండి.

ప్రశ్న: షట్‌డౌన్ చేశాక కూడా సీపీయూ వెనక నెట్ కేబుల్ దగ్గర లైటు మిణుకుమంటోంది. డేటా పోతోందా?
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: పోవడం లేదు. ఆపేసిన కంప్యూటర్‌ను నెట్‌వర్క్ ద్వారా ఆన్ చేసే వేక్ ఆన్ ల్యాన్ సదుపాయం కోసం నెట్‌వర్క్ కార్డుకు కొద్దిగా కరెంటు అందుతూ ఉంటుంది. ఇంట్లోని ఫోన్లు, టీవీ పంపే సాధారణ సంకేతాలు రౌటర్ నుంచి తగిలినప్పుడల్లా లైటు మిణుకుమంటుంది. వద్దనుకుంటే బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే కంప్యూటర్ సెట్టింగ్స్‌లో) వేక్ ఆన్ ల్యాన్ ఆపేయండి, లేదా గోడ దగ్గర స్విచ్ కట్టేయండి.