వెనక చక్రం నట్లు తుప్పు పట్టి కదలకపోతే

అన్నా, పానా మీద ఎక్కి తొక్కినా రెండు నట్లు కదలట్లేదన్నారు కదా, ఇక తొక్కకండి. మూలలు అరిగి గుండ్రమైతే పని రెట్టింపు. ముందు బయటికి కనిపించే థ్రెడ్‌ను ఇనుప బ్రష్‌తో గీకి, డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే నూనె స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. మధ్యలో రెండుసార్లు నట్టు పక్కల సుత్తితో తట్టండి. ఆ అదురుకే నూనె లోపలికి దిగుతుంది.

పొద్దున జాకీ ఎత్తకముందే, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఆరు మూలల సాకెట్‌కు ఉన్న పిడికి నాలుగడుగుల పైపు తొడగండి. మొదట కాస్త బిగించే వైపు కదిపి, తర్వాత విప్పండి. సగంలో పట్టేస్తే వెనక్కి తిప్పి మళ్లీ నూనె వేయండి, లేకపోతే స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) తెగుతుంది. గాలి ఉన్న టైరు దగ్గర గ్యాస్ మంట మాత్రం వద్దు, రిమ్ వేడెక్కితే టైరు పేలుతుంది. అప్పటికీ రాకపోతే నట్టును ఉలితో చీల్చేయండి. కొత్త నట్టు చవకే.