చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోంది కానీ బండి బానే నడుస్తోంది, ఇలాగే రాజమండ్రి దాకా వెళ్ళిపోవచ్చా?

మీరు అడిగింది నాకర్థమైంది ఇదీ: మొన్నట్నుంచి డ్యాష్‌బోర్డులో పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ వెలుగుతోంది, పికప్‌లో తేడా లేదు, శనివారం ఫ్యామిలీతో హైదరాబాద్ నుంచి రాజమండ్రి వెళ్ళాలి, మీ వీధి చివర మెకానిక్ ఏమో "బ్యాటరీ టెర్మినల్ ఒకసారి పీకి పెడితే పోద్ది సార్" అన్నాడు. ముందు ఆ చివరి ముక్క సంగతి చెప్తా. పీకించకండి. లైట్ పోద్ది, నిజమే, కానీ అది ఎందుకు వెలిగిందో కంప్యూటర్ రాసిపెట్టుకున్న చీటీ కూడా దాంతోపాటే పోద్ది.

నేను సరిగ్గా ఇదే పని చేసి ఇరుక్కున్నా కాబట్టి చెప్తున్నా. మాది కూకట్‌పల్లి, బండి 2014 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మూడేళ్ళ కింద సంక్రాంతికి నాలుగు రోజుల ముందు లైట్ వెలిగింది, మీలాగే బండిలో ఏ తేడా లేదు, ఒకాయన టెర్మినల్ తీసి పది నిమిషాలాగి మళ్ళీ పెట్టాడు, లైట్ పోయింది, రెండొందలు తీసుకున్నాడు, నేను ఫుల్ హ్యాపీ. పండక్కి అమ్మని, మా ఆవిడని, పాపని ఎక్కించుకుని బయల్దేరాం. పంతంగి టోల్ దాటేదాకా ఏం లేదు. కొర్లపహాడ్ టోల్ దగ్గర పండగ రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలుసుగా, చాలాసేపు ఫస్ట్ గేర్లో పాక్కుంటూ వెళ్ళి, అది దాటాక కాస్త గట్టిగా యాక్సిలరేటర్ తొక్కానో లేదో బండి ఎక్కిళ్ళు వచ్చినట్టు గుంజడం మొదలెట్టింది, అదే లైట్ మళ్ళీ వచ్చింది, ఈసారి నిలకడగా కాదు, టపటపా కొట్టుకుంటోంది. పెట్రోల్ వాసన లోపలికొస్తోంది. వెనక సీట్లోంచి అమ్మ "నిమ్మకాయలు తొక్కించి బయల్దేరమంటే విన్నావా" అంది.

నాకు ఆరోజు తెలీనిదీ మీరు ముందుగా తెలుసుకోవాల్సిందీ ఇదే. లైట్ నిలకడగా వెలిగితే ఏదో ఒక టెస్ట్‌లో తేడా వచ్చింది, తీరిక చూసుకుని చూపించుకో అని. అదే కొట్టుకుంటూ ఉంటే మాత్రం ఇంజిన్ గట్టిగా మిస్ అవుతోందని, అంటే ఏదో సిలిండర్లో పెట్రోల్ పడుతోంది గానీ మండట్లేదు, ఆ మండని పెట్రోల్ నేరుగా సైలెన్సర్ లైన్లోకి పోయి దార్లో ఉన్న, పొగలో విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్లో మండుద్ది. దాని లోపల తేనెపట్టులా సన్న సన్న గదులున్న సిరామిక్ దిమ్మ ఉంటుంది, ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటివి పూత పూసి ఉంటాయి, ఆ వేడికి అది కరిగి మూసుకుపోతే ఇక మీ ట్రిప్పు ఖర్చు కాదు, ఏడాది ఈఎంఐల ఖర్చు. కాబట్టి కొట్టుకుంటుంటే ఏసీ ఆపి, కాలు తేలిగ్గా పెట్టి, దగ్గర్లో ఉన్న మెకానిక్ దాకా మాత్రమే, అదీ గుంజుడు ఎక్కువుంటే అక్కడే ఆపి టోయింగ్ పిలుచుకోవడమే. (ఎర్రగా వెలిగే నూనె డబ్బా బొమ్మ, టెంపరేచర్ బొమ్మ వేరే కథ, అవొస్తే ఒక్క కిలోమీటర్ కూడా వద్దు, పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యడమే.)

మేం ఇరవై స్పీడులో సూర్యాపేట చేరాం. అక్కడ హైవే పక్కన చిన్న షెడ్డు, చూస్తే పంక్చర్ షాపు అనుకుంటారు. ఆ కుర్రాడు స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి చిన్న స్కానర్ గుచ్చాడు, కంప్యూటర్ రాసుకున్న కోడ్ పి0302 అని వచ్చింది. "రెండో సిలిండర్ కొట్టట్లేదన్నా" అన్నాడు. ప్లగ్గా అనడిగితే జవాబివ్వలేదు. పైన కవర్ తీసి, పది నంబర్ స్పానర్‌తో రెండో సిలిండర్ మీదున్న, ప్లగ్‌కి కరెంట్ ఇచ్చే కాయిల్ ఊడదీసి మూడో దాంట్లో పెట్టాడు, మూడో దాన్ని తెచ్చి రెండో దాంట్లో పెట్టాడు, కోడ్ చెరిపి స్టార్ట్ చేసి నాలుగుసార్లు రేస్ ఇచ్చాడు. కాసేపటికి పి0303 వచ్చింది. "చూడు, కాయిల్ ఎటు పోతే జబ్బు అటు పోయింది, ప్లగ్గో ఇంజెక్టరో అయితే రెండో దాంట్లోనే ఉండిపోవాలె." ఆ కాయిల్ నా చేతిలో పెట్టాడు, కింద రబ్బరు బూట్ పక్కన వెంట్రుకంత నల్ల గీత ఉంది, కరెంట్ ప్లగ్‌కి చేరకుండా ఆ గీతలోంచే దూకేస్తోందంట. కాయిల్ పంతొమ్మిదొందలు, లేబర్ మూడొందలు, ప్లగ్గులు కూడా అరిగిపోయి ఉన్నాయని నాలుగూ మార్పించా. మీ వీధి మెకానిక్ లాంటాయన నాలుగు రోజుల ముందు చెరిపేసిన కోడ్ ఇదే అయ్యుంటుందని నా అనుమానం, అప్పుడే చదివుంటే కూకట్‌పల్లిలోనే తేలిపోయేది, రోడ్డు పక్కన మూడు గంటలు పాపని ఆడించే పని ఉండేది కాదు.

ఆ దెబ్బకి బండి కంప్యూటర్లో కోడ్‌లని ఫోన్లో చూపించే ఒక బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ కొనుక్కున్నా, ఈఎల్ఎం 327 అని ఆన్‌లైన్లో దొరుకుద్ది, నాకు ఏడొందల చిల్లర పడింది. మన దగ్గర ఓబీడీ-2 అనేది (బండి తన తప్పులు తానే పట్టుకుని రాసుకునే ఏర్పాటు) 2013 ఏప్రిల్ నుంచి బీఎస్4 కాలుష్య ప్రమాణం కార్లకి తప్పనిసరి అయింది కాబట్టి ఆ తర్వాత బండైతే స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అడాప్టర్ గుచ్చి, కీ ఆన్ చేసి, ఫోన్లో టార్క్ లాంటి యాప్ ఏదైనా పెట్టుకుంటే కోడ్ కనపడుద్ది. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది, తప్పు జరిగిన క్షణంలో ఎంత స్పీడు, ఎంత ఆర్‌పీఎం, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది అన్నీ అందులో ఉంటాయి, దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. టెర్మినల్ పీకితే పోయేది ఇదే.

కోడ్ వచ్చింది కదా అని ఆ పేరున్న పార్ట్ ఆర్డర్ పెట్టెయ్యకండి. కోడ్ చెప్పేది ఏ పరీక్షలో ఫెయిలయిందో, ఏ పార్ట్ చచ్చిందో కాదు. ఇది కూడా నా జేబుకి తగిలి నేర్చుకున్నదే, దాదాపుగా. పోయిన వానాకాలం మళ్ళీ లైట్ వచ్చింది, నిలకడగా, పి0135, అంటే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్లలో ముందున్న ఆక్సిజన్ సెన్సర్ని వేడిచేసే హీటర్ సర్క్యూట్లో తేడా. ఒక పెద్ద వర్క్‌షాప్‌లో చూడకుండానే సెన్సర్ మార్చాలి, తొమ్మిది వేలవుద్ది అన్నారు. ఎందుకో ఆగి మా పాత మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్తే బానెట్ ఎత్తి టార్చ్ వేసి నవ్వాడు, మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఎలుక సెన్సర్ వైరు కొరికి పెట్టింది, రాగి పోగులు బయటికొచ్చి ఉన్నాయి, పక్కన సగం తిన్న చపాతీ ముక్క కూడా ఉంది. వైరు అతికి స్లీవ్ వేసినందుకు మూడొందల యాభై. కోడ్ అబద్ధం చెప్పలేదు చూడండి, సర్క్యూట్ తెగిందనే చెప్పింది, సెన్సర్ పోయిందని చెప్పింది వర్క్‌షాప్ వాళ్ళు. పి0171 వస్తే కూడా అంతే, గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ అని అర్థం, అది పగిలిన వ్యాక్యూమ్ పైపు కావచ్చు, వీకైన ఫ్యూయల్ పంపు కావచ్చు. పి0420 వస్తే, అంటే కన్వర్టర్ సరిగ్గా పనిచెయ్యట్లేదనే కోడ్, కన్వర్టర్ మార్చాలని భయపెడతారు, ముందు ఎగ్జాస్ట్ లీకేజీ ఉందేమో చూడమనండి.

మీ బండికి బయట సీఎన్‌జీ కిట్ వేయించారా, ఈమధ్య మోకాల్లోతు నీళ్ళల్లో నడిపారా, రెండూ రాయలేదు మీరు, ఈ రెంటికీ లైట్ వచ్చేది మామూలే. బీఎస్6 డీజిల్ అయితే రోజూ ఆఫీసుకి మూడు కిలోమీటర్లే తిప్పితే డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి నిండిపోయి కూడా వస్తుంది, దానికి లాంగ్ డ్రైవే మందు, కానీ అదే కారణమని ముందు తేల్చుకోవాలి. పెట్రోల్ ట్యాంక్ మూత కూడా ఒకసారి తీసి టక్కుమని శబ్దం వచ్చేదాకా బిగించండి, అమెరికాలో ఉన్న మా బావమరిది వాళ్ళ దగ్గర మొదట చూసేది అదేనంట, ఇక్కడ నాకైతే ఎప్పుడూ అది కారణం కాలేదు కానీ పోయేదేముంది. లోపం సరైనా లైట్ వెంటనే పోదు, వరసగా మూడు ట్రిప్పులు తేడా రాకపోతే తనే ఆరిపోద్ది.

మీ శనివారం సంగతి. గురువారంలోపు ఎవరితోనైనా కోడ్ చదివించండి. ఆక్సిజన్ సెన్సర్, ట్యాంక్ ఆవిరి సంబంధం కోడ్ అయ్యి, లైట్ నిలకడగా ఉండి, గుంజుడు, వాసన, వేడి ఏమీ లేకపోతే నేనైతే వెళ్తా, ఎనభై దాటకుండా, మైలేజీ కాస్త తగ్గుద్ది అంతే, వచ్చాక చేయించుకుంటా. పి0300 నుంచి పి0304 దాకా, అంటే సిలిండర్ మిస్ అవుతోందనే కోడ్‌లు, ఏదొచ్చినా, ఇప్పుడు బండి ఎంత బాగున్నా, రిపేరు కాకుండా ఊరు దాటను, విజయవాడ మీదుగా నాలుగొందల కిలోమీటర్ల పైమాటే అది. చదివించడం కుదరకపోతే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది, శుక్రవారం పొద్దున పదింటికి ఏసీ తత్కాల్ ఓపెన్ అవుద్ది, స్లీపర్‌కి పదకొండింటికి.