గడ్డపార ఉండగా కిట్టెందుకు?

ప్రశ్న: మావాడు ఆరో తరగతి. సరళ యంత్రాలు ఆరు రకాలని గడగడా అప్పజెబుతాడు, లీవర్ ఏదో చూపించరా అంటే పుస్తకంలో బొమ్మ చూపిస్తాడు. ప్రయోగాల కిట్టు కొనివ్వమని ఒకటే పోరు. రెండు వేలట. కొనమంటారా, ఇంట్లోనే ఏమైనా చేయించొచ్చా?
– ఒక అమ్మ, ప్రొద్దుటూరు

జవాబు: ఇప్పుడే కొనకండి. మీ ఊళ్లో ఎక్కడో ఒకచోట ఇల్లు కడుతూ కడప బండలు దించుతూనే ఉంటారు కదా, వాణ్ణి తీసుకెళ్లి కాస్త దూరంగా నిలబెట్టండి. బండ అంచు కిందికి గడ్డపార మొన దూర్చి, దాని కిందికి ఓ రాయిముక్కను కాలితో నెట్టి, రెండో కొసమీద మనిషి అలా ఒరిగాడంటే చేత్తో కదలని బండ కాస్తా 2 అంగుళాలు లేస్తుంది. ఆ గడ్డపారే లీవర్. పిల్లలు బండనే చూస్తారు, మీరు ఆయన చెయ్యి చూడమనండి. 5 అడుగుల గడ్డపారలో రాయి మొనకి అరడుగు దూరంలో ఉందనుకోండి, ఇవతల నాలుగున్నర అడుగులు, అంటే 9 రెట్లు. 90 కిలోల బరువుకి 10 కిలోల నొక్కుడు చాలు, కానీ బండ 2 అంగుళాలు లేవాలంటే చెయ్యి 18 అంగుళాలు దిగాలి. బలంలో మిగిల్చింది దూరంలో వసూలు చేస్తుందన్నమాట. నన్నడిగితే ఆ ఆరు పేర్లకంటే ఈ ఒక్క లెక్క ముఖ్యం.

ఇంటికొచ్చాక 30 సెంటీమీటర్ల స్కేలు మధ్యలో పెన్సిల్ పెట్టి (గుండ్రటిది దొర్లిపోతుంది, పలకలున్నది తీసుకోండి) ఒకవైపు పెన్సిల్ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో రూపాయి బిళ్లలు రెండు పెట్టండి. రెండోవైపు ఒక్క బిళ్లతో నిలబెట్టాలి, ఎక్కడ పెడతావ్? ముందు ఊహించి చెప్పమనండి, తర్వాతే చెయ్యనివ్వండి. పెన్సిల్ నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో నిలబడుతుంది, కానీ మీరు చెప్పొద్దు.

గిలక దగ్గర నేనే బోల్తాపడ్డా. ఓ వేసవిలో కర్నూల్లో మా వీధి పిల్లలతో బావి గిలక బరువును సగం చేస్తుందని ధీమాగా చెప్పేశా, ఓ పిల్ల ఊరుకోకుండా స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగింది, 2 కిలోల బకెట్‌కి 2 కిలోల పైనే చూపించింది! పైన బిగించిన గిలక లాగే దిక్కు మారుస్తుందే తప్ప బరువు తగ్గించదు, రాపిడి వల్ల ఇంకొంచెం ఎక్కువే లాగాలి. కిందికి లాగేటప్పుడు మన ఒంటి బరువు కలిసొస్తుంది కాబట్టి సులువనిపిస్తుంది, అంతే. ఒకప్పుడు మన సీమలో ఎద్దులతో నీళ్లు తోడే కపిలి బావుల దగ్గర వాటిని పల్లంలోకి నడిపించింది కూడా ఇందుకే. నిజంగా సగం కావాలంటే గిలక కూడా బకెట్‌తోపాటు పైకి కదలాలి, అప్పుడు 1 మీటరు లేపడానికి 2 మీటర్ల తాడు లాగాలి.

వాలుకి బొమ్మ లారీ, గుప్పెడు చెనిక్కాయలు, రబ్బరుబ్యాండు చాలు. కాయలు నింపిన లారీకి కట్టిన రబ్బరుబ్యాండు నిలువునా ఎత్తితే ఎంత సాగింది, వాలుగా ఆనించిన పలకమీద లాగితే ఎంత సాగింది, స్కేలుతో కొలవడమే.

ఆఖర్న ఆదివారం పూట ఓ సరదా. రెండు బూజుకర్రలు తీసుకుని మీరొకటి, వాళ్ల నాన్న ఒకటి ఎదురెదురుగా పట్టుకోండి. ఒక కర్రకి తాడు ముడేసి రెండింటి చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పి కొస వాడి చేతికివ్వండి. మీరిద్దరూ ఎంత బిగబట్టినా వాడు రెండు కర్రల్నీ దగ్గరికి లాగేస్తాడు, ఇక్కడ కర్రలే గిలకల పని చేస్తాయి. నైలాన్ తాడే వాడండి, నూలుతాడు కర్రకి పట్టేస్తుంది, కర్రల మధ్య వేళ్లు పెట్టనివ్వకండి. ఎంత తాడు లాగాడో, కర్రలు ఎంత దగ్గరయ్యాయో టేపుతో కొలిచి, గడ్డపార లెక్క పక్కనే నోట్సులో రాయమనండి.