పాత సెస్నాకు డీజిల్ ఇంజన్ బిగించాలా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాం. నేనూ ఇద్దరు మిత్రులూ కలిసి 1981 నాటి సెస్నా 172 అనే చిన్న విమానం కొనుక్కున్నాం. ఏటా సుమారు 100 గంటలు ఎగురుతాం. ఇంజన్ పూర్తిగా విప్పి బాగుచేయించాల్సిన (ఓవర్‌హాల్) 2,000 గంటలకు దగ్గరపడింది. ఓవర్‌హాల్‌కు 40 వేల డాలర్లంటున్నారు. జెట్ ఇంధనంతో నడిచే డీజిల్ ఇంజన్ అయితే లక్ష అవుతుందట. సీసం కలిసిన పెట్రోలు 2030 తర్వాత దొరకదని విన్నాం. ఇప్పుడే మారిపోవడం మంచిదేనా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: వద్దు. మీ ఇంజన్ గంటకు ఎనిమిదిన్నర గాలన్లు తాగుతుంటే డీజిల్ అయిదున్నరతో సరిపెట్టుకుంటుంది. 100 గంటలకు 300 గాలన్లు మిగులుతాయి. గాలన్ ఆరు డాలర్లనుకుంటే 1,800. జెట్ ఇంధనం కాస్త చవకగా దొరికితే రెండు వేలనుకోండి. ఓవర్‌హాల్ ఖర్చు మినహాయించినా అదనంగా పెట్టేది 60 వేలు. అది రాబట్టుకోవడానికి 30 ఏళ్లు! అసలు చిక్కు ఇంకోటుంది. మీ విమానానికి బిగించే డీజిల్ ఇంజన్ కాంటినెంటల్ సీడీ-155 ఆయుష్షు 2,100 గంటలు. ఆపైన దాన్ని విప్పి బాగుచేయరు, తీసేసి కొత్తది పెడతారు. మీ వాడకంలో అది 21వ ఏట వస్తుంది, పెట్టిన డబ్బు ఇంకా చేతికి రాకముందే. విమాన పెట్రోలు బాగా ఖరీదైన యూరప్‌లో, ఏటా వందల గంటలు ఎగిరే శిక్షణ సంస్థల లెక్క వేరు.

హ్యాంగర్లో గ్రీజు పూసుకుని బతికినవాణ్ణి కాబట్టి నా కన్ను ముందు గేర్‌బాక్స్ మీద పడుతుంది. ఈ ఇంజన్‌కు మూలం మెర్సిడెస్ కారు ఇంజన్. నిమిషానికి దాదాపు 3,900 చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్‌కు 2,300 చాలు. ఆ తేడాను భరించేది గేర్‌బాక్సే. ఈ ఇంజన్లను మొదట తయారుచేసిన థీలర్ట్ కంపెనీ తొలి మోడల్‌లో దాన్ని 300 గంటలకోసారి విప్పి ఫ్యాక్టరీకి పంపాల్సి వచ్చేది. 2008లో ఆ కంపెనీ దివాలా తీయడంతో యజమానుల వారంటీలు గాలికి పోయాయి.

కరెంటు సంగతీ చూడండి. మీ పాత ఇంజన్‌కు మాగ్నెటోలుంటాయి, ఇంజన్ తిరుగుతుంటే అవే కరెంటు పుట్టిస్తాయి. బ్యాటరీ చచ్చినా నిప్పురవ్వ ఆగదు. ఈ డీజిల్‌ను నడిపేది కంప్యూటర్, దానికి కరెంటు అందాల్సిందే. 2007 మార్చిలో జర్మనీలోని స్పేయర్‌లో ఇలాంటి డీజిల్ ఇంజన్లు రెండున్న డైమండ్ డీఏ42 విమానం బ్యాటరీ డీలా పడితే, బయటి కరెంటుతో స్టార్ట్ చేసి ఎగిరారు. చక్రాలు లోపలికి లాగగానే వోల్టేజి పడిపోయి కంప్యూటర్లు రీసెట్ అయ్యాయి. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. ఆ తర్వాతే కంప్యూటర్లకు విడిగా బ్యాటరీలు పెట్టారు.

2030 అన్నది సీసం పెట్రోలు ఆపడానికి అమెరికా పెట్టుకున్న గడువు. తక్కువ కంప్రెషన్ (ఇంధన మిశ్రమాన్ని తక్కువగా నొక్కే) ఇంజన్లలో చాలావాటికి 94 ఆక్టేన్ సీసం లేని పెట్రోలు ఇప్పటికే అనుమతి పొందింది, అన్ని విమానాశ్రయాల్లో దొరకదంతే. మీ ఇంజన్ మోడల్ ఆ జాబితాలో ఉందేమో మెకానిక్‌ను అడిగి, ఓవర్‌హాల్‌కే ఇవ్వండి.

కొత్త విమానమే కొంటామంటే మాత్రం డైమండ్ డీఏ40 ఎన్‌జీ చూడండి. దాని 168 హార్స్‌పవర్ ఆస్ట్రో కంపెనీ డీజిల్ ఇంజన్ బరువైనదే, సుమారు 185 కిలోలు తూగుతుంది, కానీ ఆ బరువుకు తగ్గట్టు ఫ్యాక్టరీలోనే విమానాన్ని సిద్ధం చేసి ఇస్తారు. ధర ముగ్గురూ కలిసి మోయగలరో లేదో మీ ఇళ్లలో తేల్చుకోండి.