కొందరు చూసి, కొందరు విని నేర్చుకుంటారనేది నిజమేనా?

నిజం కాదు, పిల్లలకు ఒక్కో పద్ధతి నచ్చవచ్చు గానీ, నచ్చిన పద్ధతిలో చెబితే ఎక్కువ వస్తుందని రుజువు కాలేదు. 2008లో నలుగురు అమెరికన్ మనస్తత్వవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టినా దీనికి గట్టి ఆధారం దొరకలేదు.

కారణం సులువే. బుర్రలో ఎక్కువగా నిలిచేది విషయం అర్థం. అది కంటి నుంచి వచ్చిందా, చెవి నుంచా అన్నది తర్వాతి మాట. ఎలా చెప్పాలో పాఠాన్ని బట్టి ఉంటుంది. పద్యాన్ని ఎవరైనా పైకి చదవాల్సిందే. గుండెలో రక్తప్రసరణకు ఎవరికైనా బొమ్మ కావాల్సిందే. పుస్తకం మూయించి, తెల్లకాగితం మీద నాలుగు గదులు గీసి బాణాలు పెట్టమనండి. చాలామంది పుపుస ధమని (ఆక్సిజన్ తక్కువున్న రక్తాన్ని గుండె నుంచి ఊపిరితిత్తులకు తీసుకెళ్లే నాళం) దగ్గర తప్పుతారు: ధమని అనగానే ఆక్సిజన్ ఉన్న రక్తమే అనుకుంటారు. అక్కడ దిద్ది, రెండు రోజులాగి మళ్లీ గీయించాలి. వినడం ఇష్టమన్న పిల్లాడికీ ఇదే పని.

అలాగని పిల్లలంతా ఒకటేనని కాదు. ముందే తెలిసినది ఎంత, చూపు ఎలా ఉంది, డిస్లెక్సియా (అక్షరాలు, పదాలు చదవడంలో ఇబ్బంది) ఉందా అన్నవి అసలైన తేడాలు. చదవలేక తడబడే పిల్లకు 'విజువల్ లెర్నర్' (చూసి నేర్చుకునే రకం) అని పేరు పెట్టేస్తే ఆ సమస్య ఏళ్లతరబడి బయటపడకపోవచ్చు.